వైజాగ్ నుంచి కటికి జలపాతానికి: గైడుతో ఒక్కరోజు కొండ నడక

బొర్రా గుహలకి వెళ్ళినవాళ్ళలో చాలామంది కటికి జలపాతం పేరు అక్కడి జీపు డ్రైవరు నోట మొదటిసారి వింటారు. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది. గుహల మెట్లు ఎక్కిదిగి కాళ్ళు లాగుతుంటాయి, సీసాలో నీళ్ళు అయిపోయి ఉంటాయి, కాళ్ళకి చెప్పులే ఉంటాయి. అలా బయలుదేరినవాళ్ళే జారిపడతారు, చీకట్లో దిగుతారు. కటికిని గుహల వెనక తగిలించిన కొసరులా చూడకండి. దానికోసమే ఒక రోజు పెట్టుకోండి. టైం మిగిలితే తిరుగుదారిలో గుహలు చూడండి, లేదంటే ఇంకోసారి రండి.

జలపాతం గుహలకి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. అది గోస్తనీ నది నీళ్ళే, ఎత్తు యాభై అడుగుల దాకా చెబుతారు. వైజాగ్ నుంచి దాదాపు 90 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ నుంచి జలపాతం ఉన్న అనంతగిరి మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది కాబట్టి రోడ్లు, వానల హెచ్చరికలు చూసేటప్పుడు విశాఖపట్నం జిల్లాతో సరిపెట్టుకోకుండా ఆ జిల్లావి చూడండి. నగరంలో ఎండ కాస్తుంటే అనంతగిరిలో కుండపోతగా కురవడం మామూలే.

ఎప్పుడు వెళ్ళాలి

ఇవి ఆకు రాల్చే అడవులు. మద్ది, వేగిస, మోదుగ, తునికి, తపసి, మధ్యమధ్య వెదురు పొదలు. ఫిబ్రవరి నుంచి ఆకు రాలడం మొదలవుతుంది. మార్చి చివరికి దారి మీద నీడ ఉండదు, గెడ్డ (కొండవాగు) సన్నబడిపోతుంది, రాలిన ఆకు కింద రాయి ఉందో గొయ్యి ఉందో కనబడదు. ఏప్రిల్, మే నెలలు వదిలేయండి. ఎండదెబ్బకి తోడు ఆ రోజుల్లో ఎండుటాకుకి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంటుంది.

జులై నుంచి సెప్టెంబరు దాకా జలపాతం నిండుగా ఉంటుంది, ప్రమాదమూ అప్పుడే ఎక్కువ. కారణం కాళ్ళ కిందే ఉంది. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖొండలైట్ రాయి. తూర్పు కనుమల ఖోండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు పెట్టారు. ఆ రాతి వాలు మీద మట్టి పొర పల్చన కాబట్టి గట్టి వాన పడితే నీళ్ళు ఇంకే చోటు లేక నేరుగా గెడ్డలోకి దిగుతాయి. పొద్దున పాదం తడిసేంత ఉన్న గెడ్డ మధ్యాహ్నం నడుము లోతుకి రావచ్చు. వాన ఆగితే అంత తొందరగానూ తగ్గుతుంది.

మాకైతే అక్టోబరు రెండో సగం నుంచి జనవరి చివరిదాకా మంచి కాలం. నీళ్ళు ఉంటాయి, ఆకు ఉంటుంది, నవంబరు, డిసెంబరుల్లో దారి పొడుగునా వలిసె (నూనెగింజల పంట) పూలు పసుపుపచ్చగా విచ్చుకుని ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందన్న మాట వినబడితే మాత్రం వాయిదా వేయండి. వాయుగుండం పోయిన మర్నాడు ఎండ కాసినా బయలుదేరకండి. కనీసం రెండు రోజులు ఆగండి.

గైడుని ఎలా మాట్లాడుకోవాలి

జలపాతం దారిలో ఉన్న ఊళ్ళ మనిషినే పెట్టుకోండి. ఎనిమిది, పదిమందికి ఒకరు చాలు. పిల్లలు, అరవై దాటినవాళ్ళు ఉంటే ఇద్దరు కావాలి. డబ్బు సంగతి బయలుదేరే ముందే తేల్చుకోండి. మొత్తం జట్టుకా, మనిషికా, జీపు కిరాయి అందులోనే ఉందా, విడిగానా, తిరిగి వచ్చేదాకా జీపు ఆగుతుందా, అన్నీ అడగండి. భోజనం, నీళ్ళు ఆయనకీ కలిపే సర్దుకోండి. డబ్బు మధ్యవర్తికి కాకుండా ఆయన చేతికే ఇవ్వండి.

అడిగే తీరులోనే చాలా ఉంది. "వెళ్ళొచ్చా అన్నా?" అంటే జవాబు "వెళ్ళొచ్చు" అనే వస్తుంది. దూరం నుంచి వచ్చినవాళ్ళని నిరాశపరచడం అక్కడివాళ్ళకి ఇష్టం ఉండదు. అందుకే ఇలా అడగండి: "నిన్న సాయంత్రం గెడ్డ ఎంతవరకు వచ్చింది? రాత్రి పైన కొండల మీద ఉరిమిందా? ఇవాళ మీ పిల్లల్ని ఆ నీళ్ళలోకి దింపుతారా?" చివరి ప్రశ్నకి ఆయన ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే జలపాతాన్ని దూరం నుంచి చూసి వచ్చేయాలని అర్థం చేసుకోండి. ఆయన వెనక్కి తిరుగుదామంటే బేరమాడకండి. ఆయన చూసింది మీకు కనబడకపోవచ్చు.

గైడు లేకుండా అడ్డదారుల్లో అడవిలోకి దిగొద్దు. దారి తప్పడం సంగతి అలా ఉంచినా, అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులో తిరగడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 కింద నేరం.

ముందురోజు రాత్రి సర్దుకోవాల్సినవి

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. ఒక్క పెద్ద సీసా కన్నా లీటరువి మూడు మేలు, ఎంత తాగారో లెక్క తెలుస్తుంది. రెండు తాగడానికి, మూడోది ముట్టకుండా ఉంచడానికి. దారిలో ఎక్కడైనా చిక్కుకుపోతే తప్ప ఆ మూడో సీసా వెనక్కి వచ్చి జీపు ఎక్కాకే తెరవాలి. గెడ్డ నీళ్ళు తేటగా కనిపించినా పైన పశువులు దిగుతాయి, మరిగించకుండా తాగకండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మనిషికి రెండు. లీటరు ప్యాకెట్టు లీటరు నీళ్ళలోనే కలపాలి. అరలీటరులో చిక్కగా కలిపితే దాహం పెరుగుతుంది, వాంతి వచ్చినట్టు అవుతుంది.

బూట్లు కొత్తవి వద్దు. కనీసం రెండు వారాలు వాడినవి, అడుగున రబ్బరు గాట్లు అరగనివి కావాలి. వేలి గోరు ముందుకి తగలకూడదు, దిగేటప్పుడు గోళ్ళు నల్లబడేది అందుకే. రాత్రే గోళ్ళు కత్తిరించుకోండి. సాక్సులు రెండు జతలు. జీన్సు ప్యాంటు తడిస్తే బరువెక్కి మోకాలికి పట్టేస్తుంది, రోజంతా ఆరదు. పల్చటి ఫుల్ ప్యాంటు, చేతులు కప్పే చొక్కా వేసుకోండి. ఎండకే కాదు, దూలగొండికి కూడా అదే రక్ష.

తిండిలోకి పులిహోర బాగుంటుంది, చింతపండు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం దాకా పాడవదు. పెరుగన్నం బ్యాగు వేడికి పులిసిపోతుంది. నడుస్తూ తినడానికి పల్లీ చిక్కీ, మరమరాలు, నాలుగు ముక్కలు మాడుగుల హల్వా. నెయ్యి, గోధుమపాలతో చేసిన ఆ హల్వా రెండు ముక్కలు తింటే ఒక గంట ఎక్కడం దాటేస్తారు. అరటిపళ్ళు బ్యాగులో నలిగి అన్నిటికీ అంటుకుంటాయి, అవి జీపులోనే తినేయండి.

జట్టు మొత్తానికి: పదిహేను మీటర్ల గట్టి నైలాన్ తాడు, విజిల్, రెండు టార్చిలైట్లు, నాలుగంగుళాల క్రేప్ బ్యాండేజీలు మూడు, గాజుగుడ్డ, ప్లాస్టరు టేపు ఒక పెద్ద చుట్ట, ఒక దుప్పటి, చెత్తకి సంచి. మందులు వేసుకునేవాళ్ళు వాళ్ళ మందులు వాళ్ళే మోసుకోవాలి. ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, జేబులో ఉండాలి.

రోజు లెక్క

డిసెంబరు మొదట్లో మన దగ్గర సూర్యాస్తమయం సాయంత్రం 5.20 ప్రాంతంలోనే. కొండ నీడలో నాలుగున్నరకే దారి మసకబడుతుంది. అందుకే లెక్క సాయంత్రం నుంచి వెనక్కి వేయాలి: చీకటి పడే లోపల ఘాట్ రోడ్డు దిగిపోవాలి, అంటే మూడింటికి బొర్రా వదలాలి, అంటే జలపాతం దగ్గర పన్నెండున్నరకి లేవాలి.

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు వైజాగ్ నుంచి ఐదింటికి కదలండి. దారి పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా. పెట్రోలు, టిఫిను, బాత్‌రూము ఎస్.కోటలో కానిచ్చేయండి. బొడ్డవర దాటాక ఘాట్ మలుపులు మొదలవుతాయి. కడుపు తిప్పే అలవాటు ఉన్నవాళ్ళు ఎస్.కోటలో రెండు ఇడ్లీలతో ఆపి ముందు సీట్లో కూర్చోవాలి. ఎనిమిదిన్నరకి బొర్రా చేరితే తొమ్మిదికి నడక మొదలుపెట్టొచ్చు.

రైల్లో వెళ్ళాలంటే పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఉంది. సొరంగాలు, లోయలు చూస్తూ వెళ్ళడం అందమే. కానీ ఆ లైను వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించడానికి, ఇప్పటికీ దాని మీద గూడ్సు రద్దీ ఎక్కువ. పాసింజరు గంట ఆలస్యమైతే నడకలో గంట పోయినట్టే. పదిన్నర దాటాక బొర్రాలో దిగితే ఆ రోజు నడక మానేసి జీపు పోయినంత దూరం జీపులోనే వెళ్ళండి, చివరి భాగం మాత్రమే నడవండి.

ఎక్కడైనా రైలు పట్టాలు దాటాల్సి వస్తే ఆగి, రెండు వైపులా చూసి, అందరూ ఒక్కసారే దాటండి. పట్టాల వెంట నడవడం, సొరంగంలోకి వెళ్ళి ఫొటోలు తీసుకోవడం అస్సలు వద్దు. కొండ దిగే గూడ్సు మలుపు తిరిగేదాకా శబ్దం చెవిన పడదు. సొరంగంలో పక్కకి తప్పుకునే చోటు కోసం వెతుక్కునే వ్యవధి ఉండదు.

దారిలో బొంగు చికెన్ చేసేవాళ్ళు కనబడితే వెళ్ళేటప్పుడే ఆర్డరు చెప్పేయండి. పచ్చి వెదురు బొంగులో ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద కాల్చడానికి ముప్పావు గంట పైనే పడుతుంది. వచ్చేటప్పుడు చెబితే ఆ ముప్పావు గంట మీ వెలుతురులోంచే పోతుంది.

నడక

గైడు ముందు, జట్టులో నిదానస్తుడు ఆయన వెనకే, గట్టి మనిషి అందరికన్నా చివర. నిదానస్తుణ్ణి చివర పెడితే ముందువాళ్ళు ఆగి సేదదీరి, అతను చేరగానే మళ్ళీ కదిలిపోతారు. అతనికి విశ్రాంతి అన్నదే దొరకదు. మనిషికీ మనిషికీ రెండు బారల దూరం ఉంచండి, ముందువాళ్ళు వదిలిన కొమ్మ వెనకవాళ్ళ కంటికి తగలకుండా. ప్రతి గెడ్డ దాటాక తలలు లెక్కపెట్టండి.

మొదటి ఇరవై నిమిషాలు కావాలనే నెమ్మదిగా. పక్కవాళ్ళతో ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. గంటకి అరలీటరు చొప్పున, దాహం వేసేదాకా ఆగకుండా, నాలుగు గుక్కలు నాలుగు గుక్కలుగా తాగుతూ పోండి.

ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం మోకాళ్ళకి. పొడి వాలు మీద ఎర్రమట్టి పైన రాతి గులకలు గోళీల్లా దొర్లుతుంటాయి. మడమ దింపి అడుగేస్తే కాలు ముందుకి జారి వెనక్కి పడతారు. మోకాళ్ళు కొంచెం వంచి, పాదమంతా ఒకేసారి ఆనించి, చిన్న చిన్న అడుగులు వేయండి. ఏటవాలు ఎక్కువైతే పక్కకి తిరిగి దిగండి. గడ్డి దుబ్బులు, ఎండు వెదురు పట్టుకోవద్దు. ఎండు వెదురు విరిగేటప్పుడు చీలి అరచేయి కోస్తుంది. పచ్చిచెట్టునే, అదీ మొదలు దగ్గర పట్టుకోండి. ఛాతీ ఎత్తు చేతికర్ర ఒకటి గైడుని అడిగి తీసుకోండి.

దూలగొండి గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి కాలం అనుకున్న డిసెంబరు, జనవరుల్లోనే దాని కాయ ఎండుతుంది. పొదల మీద తీగలా పాకి ఉంటుంది. వంకర తిరిగిన కాయ, దాని నిండా బంగారు గోధుమ రంగులో మెరిసే మెత్తటి నూగు. చూడ్డానికి మఖమలులా ఉంటుంది, పిల్లలు ముట్టుకోబోతారు. ఆ నూగు సూదుల్లా చర్మంలో గుచ్చుకుని భరించలేని దురద పుడుతుంది. గాలికి రాలి మెడ మీద పడినా అంతే. గోకకండి, గోకితే ఇంకా లోపలికి దిగుతుంది, వేళ్ళకంటి కళ్ళదాకా పోతుంది. ప్లాస్టరు టేపు తెచ్చింది ఇందుకే: దురద ఉన్న చోట అంటించి, గట్టిగా నొక్కి, ఒక్క ఊపున లాగండి. కొత్త ముక్కతో నాలుగైదుసార్లు. తర్వాత చన్నీళ్ళు ధారగా పోయండి. ఆ చొక్కా విప్పి విడిగా కవరులో కట్టి పెట్టండి.

చెట్టు మీద, రాతి చరియల కింద కొండతేనె పట్లు ఉంటాయి. గైడు మాట తగ్గించమంటే అందరూ తగ్గించాలి. సెంటు పూసుకుని రావద్దు, పొగ పెట్టొద్దు. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని వచ్చిన దారినే పరుగెత్తండి. చేతులు విదిలించొద్దు, నీళ్ళలో దూకొద్దు, తల పైకెత్తేదాకా అవి అక్కడే తిరుగుతాయి.

జలపాతం దగ్గర

చేరగానే నీళ్ళలోకి దిగకండి. పది నిమిషాలు గట్టు మీద కూర్చుని చూడండి. గెడ్డ పక్క పొదల్లో ఎండుటాకులు, పుల్లలు, గడ్డి చుట్టుకుని వేలాడుతుంటాయి. అవి ఎవరూ పెట్టినవి కావు, మొన్నటి వరద వదిలి వెళ్ళిన గుర్తు. మీ తల ఎత్తులో ఉన్నాయంటే నీళ్ళు అంత ఎత్తుకి వచ్చాయని. భోజనానికి, బ్యాగులు పెట్టడానికి ఆ గుర్తుకి పైన చోటు చూసుకోండి.

తర్వాత రాళ్ళు. బూడిద రంగులో పొడిగా, తెల్లటి మచ్చలతో గరుకుగా ఉన్న రాయి కాలిని పట్టి ఉంచుతుంది. పచ్చటి పాకుడు అందరూ పోల్చుకుంటారు కాబట్టి జాగ్రత్తపడతారు. ఎక్కువమందిని పడేసేది ముదురు గోధుమ రంగులో, నూనె రాసినట్టు నిగనిగలాడే రాయి. అది వట్టి తడి అనుకుంటారు, నిజానికి దాని మీదా పల్చటి పాకుడు పొర ఉంటుంది. బూటు ముందుభాగం ఆనించి, బరువు వేయకుండా అటూ ఇటూ తిప్పి చూడండి. జారితే దాని మీంచి వెళ్ళకండి. రెండు రాళ్ళ మధ్య దూకడం కన్నా పాదం నీళ్ళలో పెట్టి ఇసుక మీద నడవడం మేలు. బూట్లు తడుస్తాయని రాళ్ళ మీద గెంతి కాలు విరగ్గొట్టుకోకండి.

ధార కింద తల పెట్టి నిలబడాలని అందరికీ ఉంటుంది. పైనుంచి నీళ్ళతోపాటు రాళ్ళు, దుంగలు కూడా వస్తాయి, చూసి తప్పుకునే లోపే మీద పడతాయి. ధార పడేచోట నురగ నీటిలో గాలి బుడగలు ఎక్కువ కాబట్టి ఈత వచ్చినవాళ్ళు కూడా అక్కడ సరిగా తేలలేరు, కిందికి పడే నీరు అడుగుకి నొక్కుతుంది. మోకాలి లోతు దాటొద్దు. దూకడం ఎక్కడా వద్దు, జలపాతం నెత్తి మీదికి ఎక్కడం అసలే వద్దు. ఇదే మండలంలో సరియా జలపాతం గుండాల్లో ఎన్నో ప్రాణాలు పోయాయి, అందులో కుర్రవాళ్ళే ఎక్కువ. మందు తాగి వచ్చినవాళ్ళు జట్టులో ఉంటే నీళ్ళ దగ్గరికే రానివ్వకండి. ఇందులో మొహమాటానికి తావు లేదు.

ఎవరైనా లోతులోకి జారితే వెంట దూకకండి. తాడు కొసకి మూత బిగించిన, సగం నీళ్ళున్న సీసా కట్టి, వాళ్ళ తల దాటి అవతల పడేలా విసరండి. సగం నీళ్ళుంటే దూరం పోతుంది, మునగదు. తాడు ఛాతీకి దగ్గరగా పట్టుకోమని అరిచి, మీరు కూర్చుని, కాళ్ళు రాతికి తన్నిపెట్టి లాగండి. నిలబడి లాగితే మీరూ పోతారు.

నీటి రంగు తేట నుంచి ఎర్రగా మారుతున్నా, ఉన్నట్టుండి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, ధార చప్పుడు బరువెక్కినా పైన వాన పడిందని అర్థం. సామాను వదిలేసి అడ్డంగా గట్టు ఎక్కండి, గెడ్డ వెంట కిందికి పరుగెత్తకండి. తిరుగుదారిలో గెడ్డ మోకాలు దాటి పారుతుంటే దాటొద్దు. కూర్చోండి. వాన ఆగితే చిన్న గెడ్డ తొందరగానే తగ్గుతుంది. ఆ ఎదురుచూపు కోసమే ముట్టని మూడో సీసా, టార్చి, దుప్పటి.

దెబ్బ తగిలితే

చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. బొర్రాలోనో, గైడు చెప్పిన మిట్ట మీదో దొరికితేనే 108కి చేయగలరు. కాబట్టి మనిషిని కదిలించే పని మీదే. చీలమండ బెణికితే బూటు విప్పకుండా పైనుంచి క్రేప్ బ్యాండేజీ చుట్టండి, విప్పితే వాచి మళ్ళీ ఎక్కదు. నడవలేకపోతే డోలీ కట్టాలి: దుప్పటి రెండు కొసలు బలమైన పచ్చి వెదురుకి కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ఇద్దరిద్దరు మారుతూ మోయాలి. గైడుకి కట్టే ఒడుపు తెలుసు, ఆయన్నే కట్టనివ్వండి. ఏజెన్సీ ఊళ్ళలో ఇప్పటికీ గర్భిణులని, రోగులని రోడ్డుదాకా తెచ్చేది చాలాచోట్ల అలాగే.

పాము కరిస్తే కోయొద్దు, పీల్చొద్దు, తాడు బిగించొద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలికి రెండు పుల్లలు దన్నుగా పెట్టి కదలకుండా కట్టి, నడిపించకుండా డోలీలోనే దించండి. విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళండి. ఎక్కడ ఉందో 108 వాళ్ళని ముందే అడగండి. నాటువైద్యానికి పోయిన ప్రతి పది నిమిషాలూ విషానికే కలిసొస్తాయి.

ఇంటికి వచ్చాక

ఆ రాత్రే వేడినీళ్ళ స్నానం చేసి, చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో చూసుకోండి. పట్టి ఉంటే పట్టకారుతో చర్మం దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం, కాల్చడం వద్దు. బట్టలు వేడినీళ్ళలో ఉతకండి. తర్వాతి మూడు నాలుగు వారాల్లో జ్వరం వస్తే వైరల్ అని పారాసిటమాల్‌తో సరిపెట్టకండి. డాక్టరుకి అనంతగిరి అడవిలో తిరిగొచ్చామని తేదీతో సహా చెప్పండి. మలేరియా రక్తపరీక్ష చేయించండి. ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటే చూపించండి. అది నొప్పి పెట్టదు, దుస్తుల కింద దాగి ఉంటుంది, దాన్ని చూస్తేనే స్క్రబ్ టైఫస్ (పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) అని డాక్టరుకి తొందరగా తడుతుంది.